ఉమ్మి లేని నోరు

కణితిని కాల్చారు, సంతోషం. దాంతోపాటు మా తమ్ముడి నోట్లో ఉమ్మి ఊరే గ్రంథుల్ని కూడా కాల్చేశామని ఒక్క ముక్క చెప్పడానికి మీకేం అడ్డొచ్చింది? తెల్లకోట్లు వేసుకున్న మిమ్మల్నే అడుగుతున్నాను.

మావాడు కూరగాయల మార్కెట్లో వేలం పాడతాడు. గొంతు ఖంగుమంటుందని అక్కడ అందరూ వాణ్ణి గంట అంటారు. నాలుక మొదట్లో పుండు లేస్తే మీ దగ్గరికే తెచ్చాను. క్యాన్సర్ అని కరెంటు పెట్టారు, అదే మీ రేడియేషన్. పుండు పోయింది, గొంతు తిరిగొచ్చింది, నోరు మాత్రం ఎండిపోయింది. నాలుక అంగిట్లో అతుక్కుంటుంది. ముద్దముద్దకీ నీళ్ళు పోసుకుంటే గానీ దిగదు. ఆ సంగతి చెబితే మీ పెద్ద డాక్టరు తల కూడా ఎత్తలేదు.

"ప్రాణం దక్కింది కదమ్మా. నీళ్ళు తాగమను."

నీళ్ళకని వేలం మధ్యలో ఆగితే లేచిన ధర పడిపోతుంది. బుగ్గన పుల్లటి నిమ్మబిళ్ళ పెట్టుకుని వేలం పాడటం ఆ మార్కెట్ అలవాటు. నోరూరుతుంది, గొంతు పట్టెయ్యదు. తోటివాళ్ళు ప్రేమకొద్దీ వాడి జేబుల నిండా బిళ్ళలు పోశారు.

"నమలకు బావా, చప్పరించు. ఊట అదే వస్తుంది."

"వస్తే మొదట నీ మొహానే ఊస్తాలే," అన్నాడు మావాడు.

ఊట రాలేదు. తీపీ పులుపూ పళ్ళని పట్టుకుని కూర్చున్నాయి. కడగడానికి ఉమ్మి ఏది? చిగుళ్ళ దగ్గర నల్లబడి పళ్ళు పెచ్చులూడాయి. ఈ పొద్దున బుగ్గ వాచి మూలుగుతుంటే వీధి చివర పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాను. పన్ను పీకడానికి ఆవిడ మత్తు సూది తీసింది.

"వీడికి గొంతుకి కరెంటు పెట్టారమ్మా," అన్నాను, మత్తు పడదేమోనని.

ఆవిడ సూది కింద పెట్టేసింది.

"ఇప్పుడు పీకితే గాయం మానకపోవచ్చు. దవడ ఎముకే చచ్చిపోవచ్చు."

"పీకకపోతే?"

"చీము లోపలికి దిగుతుంది. కరెంటు ఎక్కడ, ఎంత తగిలిందో వాళ్ళు చెప్పకుండా నేను చెయ్యి పెట్టలేను."

ఫోన్ చేసింది. మీరెత్తలేదు. అందుకే వచ్చి మీ గుమ్మంలో కూర్చున్నాం. మీ పెద్ద డాక్టరు మమ్మల్ని దాటుకుని లోపలికి పోతూ, "ముందే పళ్ళు చూపించుకోవాల్సింది," అన్నాడు.

"ముందే చెప్పాల్సిందెవరు సార్?"

తలుపు పడింది. తమ్ముడు నా చెయ్యి లాగాడు. సగం మాట పెదాలకే అంటుకుపోయింది.

"అరవకే అక్కా. దవడ పోతే నేనెలా పాడతానే?"

లేచి మీ తలుపు బాదుతున్నాను.

తలుపు తియ్యండి. మీరూ ఆ డాక్టరమ్మా కలిసి ఈ దవడ సంగతి ఈ పూటే తేల్చండి. లోపల కరెంటుకి వరసలో ఉన్నవాళ్ళకి నోరెండుతుందని మొహం మీదే చెప్పండి. కరెంటు పెట్టకముందే పళ్ళు చూపించండి. చక్కెర లేని బిళ్ళలు, నోరు తడిపే జెల్లు, పళ్ళకి ఫ్లోరైడు చేతికివ్వండి. ఊట తెప్పించే మాత్ర ఎవరికి పడుతుందో చూసి రాయండి. నీళ్ళు తాగమని పంపెయ్యకండి. ముందు బయటికి రండి. వాడి నోట్లోకి చూడండి.