ఒక్క సీటు

పదకొండో గదిలో ముసలామె ఫ్రౌ లేమన్ వేలికి క్లిప్పు పెట్టి, అంకె వెలిగేదాకా ఆగింది దయావతి. ఎనభై తొమ్మిది. గోడకున్న మీట తిప్పింది. సీసాలోని నీళ్లలోంచి ఆక్సిజన్ బుడబుడమంటూ లేచింది. దయావతి ముఖానికి మాస్కు, దాని మీద ఆవిరి పట్టిన ప్లాస్టిక్ తెర. ఆ మసకలో ఈ చప్పుడు వింటే ఊరి వాగు గుర్తొస్తుంది. కాసేపు ఫ్రాంక్‌ఫర్ట్ ఉండదు. మోకాళ్ల లోతు నీళ్లు, ముందు జోగమ్మక్క, వెనక తను.

ముసలామె ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. కరోనా వచ్చిన దగ్గర్నుంచి ఈ వృద్ధాశ్రమానికి వచ్చే చుట్టాలు కిటికీ అవతలే నిలబడి చేతులూపి వెళ్తున్నారు. ముట్టుకునేవి గ్లవ్స్ తొడిగిన ఈ చేతులే. దయావతి ఆమె పాదాలకు క్రీము రాసి, దుప్పటి సర్ది, పక్క గదికి వెళ్లింది.

జోగమ్మ ఆమె పెదనాన్న కూతురు. ఇద్దరూ కోయలే, చింతూరు ఏజెన్సీలో ఒకే గుట్ట కింద పుట్టారు. దయావతి నాన్న బడిపంతులై రోడ్డు పక్కన స్లాబు ఇల్లు కట్టుకున్నాడు. పెదనాన్న పోడు చేసుకుంటూ గుట్ట కిందే ఉండిపోయాడు. చిన్నప్పుడు భద్రాచలం మిషన్ హాస్టల్లో ఇద్దరికీ కలిపి ఒక్క సీటే దొరికింది. బాగా చదివేది అక్క అని అందరికీ తెలుసు. ఫారం నింపింది మాత్రం నాన్న. ఆ సీటే దయావతిని నర్సింగ్ దాకా, ఇక్కడి దాకా తెచ్చింది. గుట్ట కింది ఊరికి ఇప్పటికీ రోడ్డు పడలేదు.

పది గంటలకు టీ తాగబోతూ ఫోను చూస్తే అక్క గొంతు వచ్చి ఉంది. అయిదు రోజులుగా జ్వరం. ఇంట్లో సిగ్నల్ అందదు కనక ఆమె భర్త సోమయ్య బావ ఆమె మాటలు రికార్డు చేసి, గుట్టెక్కి పంపుతాడు.

"బాబాయి నీ పేరు రాశాడని ఇంకా కుములుతున్నావంటగా. నాకిచ్చినా పారిపోయొచ్చేదాన్నే దయా. నువ్వు కాబట్టి ఉన్నావు."

మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటోంది. చెప్పింది అబద్ధమని దయావతికి తెలుసు. వెంటనే బావకు చేసింది. ఆయనింకా గుట్ట మీదే ఉన్నాడు.

"దిగు బావా. డోలీ కట్టి రోడ్డుకు తీసుకురండి. నాన్నకు చెప్తాను, అంబులెన్సుతో అక్కడుంటాడు."

డ్యూటీ దిగాక మైన్ నది ఒడ్డున బెంచీ మీద కూర్చుంది. చెట్ల నుంచి రాలిన తెల్లటి దూది గాలికి తేలుతోంది. నీళ్ల మీద బాతులు కదలకుండా కదులుతున్నాయి. అవతలి ఒడ్డున ఎవరో దేన్నో భుజాన మోసుకుంటూ నీళ్లలోకి దిగుతున్నట్టే అనిపించింది.

ఫోను మోగింది. బావ మళ్లీ గుట్టెక్కాడు. ఏడవలేదు. వాగు మధ్యలో అక్క దాహమంటే దోసిలితో నీళ్లు పోశాడట. అవతలి గట్టున అంబులెన్సు కనిపిస్తూనే ఉందట, నాన్న చెయ్యూపుతున్నాడట.

"తాగింది. అప్పుడు డోలీ బరువు మారింది దయా. మోసేవాళ్లం నలుగురికీ తెలిసింది."

ఇంటికి తెచ్చేశామన్నాడు. పొద్దున వద్దంటున్నా వినకుండా అక్క పంచలో బీడీల ఆకు కట్టడానికి కూర్చుందని చెప్పాడు. ఆ తునికాకు కట్ట ఇంకా అక్కడే ఉందట: కట్టకు కావలసిన యాభైకి నలభై ఆకులుంటాయేమో, చుట్టూ నార, ముడి పడలేదు.