తూసిబా అవ్వ వడ్లు

సురినామ్ నది మా గడపలు దాటి లోపలికొచ్చిన ఏడాది అది. ధాన్యం దాచిన గుడిసెకు గుడిసే కొట్టుకుపోయింది. దాంతో నా భార్య తరపువాళ్ళ తూసిబా వడ్లు కూడా పోయాయి. ఎన్నో తరాల కిందట వాళ్ళ తూసిబా అవ్వ తెల్లదొర తోటలో బానిసబతుకు నుంచి పారిపోతూ జడల్లో దాచి తెచ్చిన గింజలవి.

అక్టోబరు పది, మా పెద్దలు తెల్లదొరల చేత సంధి చేయించుకున్న రోజు. ఆ రోజు ఎవరింటి అవ్వ తెచ్చిన బియ్యం వాళ్ళు వండి పెద్దలకు పెట్టాలి. నా భార్య పోయి అప్పటికి రెండేళ్ళు. ఈసారి కుండ ఎత్తాల్సింది మా అమ్మాయి లోనియా.

"కొట్లో కొన్న బియ్యం పెడితే అవ్వ నన్ను గుర్తుపట్టదు నాన్నా," అంది. నవ్వుతూనే అంది గాని, ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆ వడ్లు ఇంకా ఉన్నది ఒక్కచోటే. ఎగువన కొండమీద, నా భార్యకు అక్క, మా వదిన అమెలినా దగ్గర. చెల్లెలి శవం దగ్గర నేను నోరు తెరవలేదని మా ఇంటికి రావడం మానేసిన మనిషి.

పండగ ముందురోజు పడవలో వెళ్ళాను. వాకిట్లో వడ్లు దంచుతోంది.

"ఏం మరిదీ, వరదలో నాలుక కూడా పోయిందనుకున్నానే."

"వడ్లు కావాలి వదినా."

"మూడు మాటలు. అందులో ఒకటి నన్ను పిలవడానికే సరిపోయింది. మా చెల్లి గురించి చెప్పు, ఇస్తా. లేదంటే నీ పడవ అక్కడే ఉంది."

రోకలి ఆపలేదు. నేను నిలబడ్డాను. కోడి ఒకటి నా కాళ్ళ మధ్య నుంచి పోయి మళ్ళీ వచ్చింది.

"కూరలో ఉప్పు ఎక్కువేసేది," అన్నాను.

"ఇది చెప్పడానికా ఇంత దూరం వచ్చావు?"

"ముప్ఫై ఏళ్ళు తిన్నాను. ఒక్కనాడూ అనలేదు."

"మరి ఇప్పుడెందుకు అంటున్నావు?"

"ఇప్పుడు ఎవరు వండినా చప్పగా ఉంటోంది. నేనే ఉప్పు వేసుకుంటున్నా. కుదరటం లేదు."

రోకలి ఆగింది. భుజం మీద గుడ్డతో ముఖం తుడుచుకుంది.

"చిన్నప్పటి నుంచీ దానికి ఉప్పు అందాజు లేదు," అంది. "ఆ బుట్ట వండడానికి, ఈ బుట్ట విత్తడానికి. రెండూ పడవలో పెట్టు. నేనూ వస్తున్నా. ఆ పిల్లకి వార్చడం వచ్చో రాదో."

దారంతా ఆవిడే మాట్లాడింది.

మర్నాడు లోనియా కుండ దించి, తొలి ముద్ద తూసిబా అవ్వకు పెట్టింది. పెద్దలకు పెట్టడానికి కుండలతో వరసలో నిలబడ్డ ఆడవాళ్ళందరికీ వదిన నా ఉప్పు సంగతి అప్పటికే చెప్పేసింది.

"బావా, నా కూర కూడా చూడు. చప్పగా ఉంటే చెప్పెయ్, ఏడవనులే," అని ఒకామె గరిటె పట్టుకుని నా వెంట పడింది. డప్పుల దగ్గర మగాళ్ళు కూడా పగలబడి నవ్వారు. నేను మూడిళ్ళ కూరలు తిన్నాను. లోనియా రెండుసార్లు వడ్డించుకుంది.

తర్వాతి రోజు తెల్లారగానే గొడ్డలి తీసుకుని వదినను పడవలో ఆమె ఇంటి దగ్గర దింపి, ఆమె పోడు చేనికి పోయాను. కాల్చగా మిగిలిన దుంగలు నాలుగు విత్తడానికి అడ్డంగా పడి ఉన్నాయి, ఆవిడ ఒక్కతీ కదపలేనివి. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి మూడు తీసేశాను.