విత్తని గ్రహం

ఇదిగో ఇక్కడొకటి, మళ్ళీ మొలిచింది, నిన్న సాయంత్రం ఇదే చోట పీకేశాడు, గరికకు సిగ్గన్నది లేదు, నాలుగు చినుకులు పడ్డాయో లేదో చేనంతా తనదే అన్నట్టు తలెత్తుతుంది, కదిరప్ప వంగి దాన్ని పీకి పంచె మడతలో దోపుకున్నాడు, ఒక్క పచ్చని పోచ కూడా కనబడకూడదు మామా, అని కదా వేసవిలో వచ్చినప్పుడు రాఘవేంద్ర చెప్పింది, ఇది మన ఊరనుకోవద్దు, వేరే గ్రహమనుకో, నీళ్ళింకిపోయి వెయ్యేండ్లయిన గ్రహం, ఎర్రమన్నూ నల్లరాళ్ళే ఉండాల, సీరియల్ తీసేదానికి మేమొచ్చేదాకా మడక కట్టి దున్నొద్దు, మేకల్ని కూడా తోలొద్దు, సరేలే నాయనా అనేశాడు తను, మండుటెండలో అనడానికేం, వాన పడుతుందని ఎవరనుకున్నారు, ఆదివారం పడింది, విత్తడానికి సరిపడా పడింది, ఈరోజు గురువారం, వేలు మన్నులోకి గుచ్చి చూశాడు, మొదటి కణుపు దాకా పొడి, రెండో కణుపు దగ్గర చల్లగా తగిలింది, నిన్న మొదటి కణుపు దగ్గరే తగిలింది, పదును దిగిపోతోంది, ఇవాళ విత్తితే మొలుస్తుంది, రేపు విత్తితే దేవుడి దయ, ఎల్లుండి విత్తడమంటే వేరుశనగ గింజల్ని మట్టిలో పారేసుకోవడమే, ఇది తనకెవరూ చెప్పక్కర్లేదు, అయినా పెళ్ళాం తిమ్మక్క గట్టు మీద కూర్చుని చెబుతూనే ఉంది, నెల్లాళ్ళు గోళ్ళు అరిగేలా ఒలిచిన విత్తనాల గంప పక్కన పెట్టుకుని, పదునారిపోతాండాది, నీకు కండ్లు లేవా అని.

అసలిదంతా ఖాజా పీర్ తెచ్చిన తంటా, పంచాయతీ ఆఫీసుకు కొత్తగా టీవీ వచ్చిన ఏడాది ఆదివారం ఆదివారం ఒక ఆకాశం కథ వచ్చేది, వెండిరంగు బట్టలు, మెరిసే టోపీలు, మాటలన్నీ హిందీ, ఊళ్ళో ఒక్కరికీ ముక్క అర్థమయ్యేది కాదు, ఉర్దూ వచ్చినవాడు కదా అని పీరును టీవీ పక్కన స్టూలేసి కూర్చోబెట్టారు, ఆయన దర్జాగా కథ చెప్పేవాడు, ఇదో ఈయప్ప ఆ గ్రహంలో పెద్ద రైతు, ఆడ చెరువులన్నీ ఇంకిపోయినాయి, పైనుంచి నీళ్ళ ఓడ వస్తాదని ఎదురుజూస్తాండారు, ఊరంతా నోరు తెరుచుకుని వినేది, అట్లా విన్న పిల్లకాయల్లో బడి అయ్యవారి కొడుకు రాఘవేంద్ర ఒకడు, పెద్దయి హైదరాబాదులో సీరియళ్ళు తీసేవాళ్ళ దగ్గర చేరాడు, ఆ పాతదాన్ని వెతికి తెప్పించుకుని చూస్తే ఏముంది, నీళ్ళూ లేవు ఓడా లేదు, రెండు గ్రహాల రాజులు సింహాసనం కోసం కొట్టుకునే కథట, పీరుకు ఆ హిందీ సగం కూడా తెలియలేదు, మిగతాదంతా సొంత వంటే, నవ్వి నవ్వి కండ్లనీళ్ళొచ్చినాయి మామా అన్నాడు, కానీ నాకు పీరు మామ చెప్పిన కథే కావాల, అదే కొత్తగా తీస్తా, మన చేలల్లో తీస్తా, ఆ రైతువి నువ్వే, మాటలేం లేవు, చేను నడుమ నిలబడి పైకి చూస్తే చాలు, పైకి చూడడం తనకు ఒకరు నేర్పాలా.

పీరు వచ్చేశాడు, ఎద్దులకు విత్తే గొర్రు కట్టుకుని మరీ వచ్చాడు, ఊళ్ళో మిగిలిన గొర్రులు నాలుగే, అందరికీ ఈ రెండు రోజుల్లోనే విత్తనం పడాలి, ఏమప్పా కదిరప్పా, విత్తుదామా, లేదంటే సుంకన్న చేనికి పోతా, పొద్దున్నించి పిలుస్తాండాడు అంటున్నాడు, మాట ఇచ్చినా పీరూ, మాట మాటే అన్నాడు కదిరప్ప, గట్టు మీది తిమ్మక్కకు కూడా వినబడేలా గట్టిగా అన్నాడు, పీరు గడ్డం గోక్కుంటూ, ఆ కథ నేను అల్లిందప్పా, నోటికొచ్చింది చెప్పినా, దానికోసరం నువ్వు చేను బీడు పెడితే ఆ పాపం నాకెందుకు అన్నాడు, గొంతు నిజంగానే వణికింది, కదిరప్ప పైకి చూశాడు, మబ్బు తునక లేదు, పడమటి గాలి ఒకటే వీస్తోంది, ఈ గాలి మన్నులో ఉన్న కాస్త తడినీ నాకేస్తుంది, మొన్న కదిరిలో మాత్రం గాలే లేదు, ఫోను బూతు అద్దాల గదిలో ఒకటే ఉక్క, వద్దు, అదిప్పుడెందుకు, ఎద్దు తల విదిలించింది, దాని ముట్టె మీద ఈగలు, మంగళవారం ఫోనులో రాఘవేంద్ర గొంతు ఎంత బాగా వినబడింది, పక్కన నిలబడి చెప్పినట్టే, లేదు మామా, ఆగిపోయింది, చానల్ వాళ్ళు వద్దన్నారు, అత్తాకోడండ్ల కథ ఉంటే తెమ్మన్నారు, వాన పడిందంట గదా, నాకోసరం చూడొద్దు, విత్తుకో మామా, రెండుసార్లు చెప్పాడు విత్తుకో అని, పాపం ఆ గొంతులోనూ ఏడుపుంది, సరే నాయనా అని పెట్టేసి బస్సెక్కి ఇంటికొచ్చి తిమ్మక్కతో ఏమన్నాడు, వస్తాండారంట, ఇంకో వారమంట అన్నాడు, నోరు దానంతటదే అనేసింది, అప్పటినుంచీ పోచలు ఏరుతూనే ఉన్నాడు, ఎవరూ తీయని సీరియల్ కోసం.

పీరు ఎద్దుల్ని తిప్పాడు, పోతున్నాడు, ఇంకా పిలిస్తే వినబడే దూరమే, పీరూ అని ఒక్క కేక వేస్తే చాలు, వేయలేదు, వంగి ఇంకో గరిక పోచ పీకాడు, నిరుడు కూడా ఈయన గొర్రుతోనే విత్తారు, మొలిచింది, పూత పట్టింది, చేనంతా పసుపు బొట్లు పెట్టినట్టుంది, కాయ కట్టే ఊడలు మన్నులోకి దిగేవేళకు నలభై రోజులు చినుకు లేదు, రోజూ పొద్దున్నే వచ్చి చూసేవాడు, ఇవాళ ఆకు ముడుచుకుంది, రేపు ఇంకొంచెం, చివరికి కాళ్ళ కింద కరకరమంది, తిమ్మక్క బిందెతో నీళ్ళు మోసి గట్టు పక్క రెండు సాళ్ళకు పోసింది, పిచ్చిదానా అని తిట్టాడు, తిట్టి తనూ మోశాడు, అవీ దక్కలేదు, అంతకు ముందేడూ అంతే, ఆ ముందూ అంతే, ఈ రెండు నెలలే చేను ఎంత హాయిగా ఉంది, ఏమీ లేనిచోట ఎండిపోయేదేముంది, నిద్రలేచి ఇవాళ ఏ ఆకు ముడుచుకుందో అని వెతక్కుండా ఇటు నడిచొచ్చాడు, తిమ్మక్క గట్టు దిగి దగ్గరికొచ్చింది, ఆమె మొహంలో కోపం కూడా మిగల్లేదు, ఏమైందయ్యా నీకు, నిజం చెప్పు అంది, ఇంతదాకా రాఘవేంద్ర మీదికి తోశాడు, ఇచ్చిన మాట మీదికి తోశాడు, పీరు ఇప్పటికే సుంకన్న చేలో మొదటి సాలు పట్టాడు, కదిరప్ప నేల చూపులు చూస్తూ, సీరియల్ లేదు మే తిమ్మక్కా, మంగళవారమే తెలుసు నాకు అన్నాడు, అనేసరికి మిగతాది కూడా దాని వెనకే తనకు తెలిసిపోయింది, ఇన్నేళ్ళూ వాన పడనప్పుడు ఏడ్చాడు, ఆకాశాన్ని తిట్టాడు, అంతేగాని ఎన్నడూ భయపడలేదు, ఇప్పుడు వాన పడింది, పడినందుకే భయపడ్డాడు.