ఎవరి కొడుకో రాయకూడని పత్రం

జూన్ ముప్పయ్యో తారీఖులోగా నా పరిశోధన పత్రం ఒక్కటైనా ఏదో ఒక సదస్సు ఒప్పుకోకపోతే, యూనివర్సిటీలో నా ఉద్యోగం హుళక్కి. సమాచార వ్యవస్థల శాఖలో మూడేళ్ళుగా పాఠాలు చెబుతూ ఆరు పత్రాలు పంపాను. ఆరూ వెళ్ళిన దారినే తిరిగొచ్చాయి. అన్నీ పద్ధతిగా రాసినవే: పెట్టెలు, పెట్టెల మధ్య బాణాలు, బాణాల కింద పట్టికలు. రాసిన నాకే ఆవులింతలొచ్చేవి.

అలాంటి సమయంలో మా రాజధాని బిష్కెక్‌లోనే జరగబోయే సమాచార వ్యవస్థల సదస్సు వాళ్ళు ఒక ప్రకటన వేశారు. ఈసారి "పద్ధతి తప్పిన పత్రాల"కు ప్రత్యేక విభాగం ఉందట. నాటకం రాయండి, బొమ్మలు వేయండి, పాట పాడండి, విషయం ఉంటే చాలన్నారు. చదవగానే కుర్చీలోంచి లేచి గిర్రున తిరిగాను. పక్క బల్ల ఆవిడ నాకు మతి పోయిందనుకుని నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

నా దగ్గర విషయం ఉంది. గొర్రెలు అమ్ముకోవడానికి అధికారులు ఒక యాప్ చేయించారు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఎందుకో తెలుసుకుందామని రెండు చలికాలాలు అత్‌బాషీ గొర్రెల సంతలో కాళ్ళు గడ్డకట్టేలా నిలబడి అడిగాను. అందరిదీ ఒకటే మాట: అమ్మేవాడు ఎవరి కొడుకో అందులో కనబడదు. ఇంత చిన్న మాటకి నేను పద్నాలుగు పెట్టెలు గీశాను.

"పద్నాలుగు పెట్టెలా! ఇది పాడుకోవాల్సిన తగువే అమ్మాయ్. దీనికి బాణాలేంటి, వేటకెళ్తున్నావా?" అన్నాడు ఎసెన్‌కుల్ మామ.

ఆయన మా అమ్మ తమ్ముడు. ముప్పయ్యేళ్ళు పాల లారీ నడిపి ఇప్పుడు ఖాళీగా ఉన్నాడు. ఖాళీ అంటే మాటవరసకే. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, మూడు తీగల కొముజ్ మీటుతూ, అప్పటికప్పుడు పద్యాలల్లి ఒకరినొకరు ఓడించుకునే పాట పందెం మాకు ప్రాణం. నారిన్ జిల్లాలో ఆయన లేనిదే పెళ్ళిలో పందెం సాగదు. సరే, పత్రాన్ని అలాగే కట్టాం. యాప్ ఒక పక్క, గొర్రెల కాపరి ఒక పక్క. రెండు గొంతులూ మామవే, లెక్కలన్నీ నావి.

"వేలు పెట్టి నొక్కితే చాలు, వెయ్యి గొర్రెలు చూపిస్తా" అంటుంది యాప్.

"వాటి వెనక నిలుచున్నవాడు ఎవరి కొడుకో చూపిస్తావా?" అంటాడు కాపరి.

నాలుగు రోజులు నవ్వీ నవ్వీ నా పొట్ట నొప్పెట్టింది. పరిశోధనలో ఇంత ఆనందం ఉంటుందని మూడేళ్ళలో ఒక్కరూ చెప్పలేదు, పాపిష్టివాళ్ళు.

చిక్కు ఆఖర్న వచ్చింది. పత్రం ఎవరిదో దిద్దేవాళ్ళకి తెలియకూడదు, దిద్దేదెవరో మాకు తెలియకూడదు. అది సదస్సు నియమం. కానీ పాట పందెంలో దిగేవాడు ముందు తన పేరు, ఆపైన తండ్రితో మొదలుపెట్టి ఏడు తరాల పేర్లు చెప్పుకుని గానీ నోరు తెరవడు.

"తీసెయ్యాలి మామా."

"ఎవర్ని? మా నాన్ననా?"

"ఏడుగుర్నీ."

ఆయన కొముజ్ పక్కన పెట్టి అలిగి వెళ్ళి గుర్రానికి గడ్డి వేసి వచ్చాడు. నేను బతిమాలి బామాలి, ఒక్కో పేరూ చెరిపి, పంపింది ఇదీ: "నేను ఫలానావాణ్ణి, నా తండ్రి ఫలానా, ఆయన తండ్రి ఫలానా..." మొత్తం ఎనిమిది మంది ఫలానాలు.

మూడు వారాలకి అభిప్రాయాలొచ్చాయి. ఇద్దరు ఒప్పుకుంటేనే పత్రం గట్టెక్కుతుంది. మొదటి ఆయన రెండు ముక్కల్లో బాగుందన్నాడు. రెండో ఆయన పద్యం రాశాడు.

"పేరు లేనోడి గొర్రె కొనొద్దని పాడావు, బాగుంది,
నీ పేరేదీ, తండ్రేడీ, నా చేత కొనిపించేదేంది?"

పద్యంతో కొడితే పద్యంతోనే బదులియ్యాలి కదా, పాపం ఆగలేకపోయాడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. పందెంలో దిగాక పేరు దాచుకోవడం మర్యాద కాదని మొదట్లోనే రాసేశాడు: నేను తలాస్ ఊరి జపర్ని, నా తండ్రి ఒమూర్, ఆయన తండ్రి తుర్దుకే అంటూ ఏడుగుర్నీ. కింద "ఒప్పుకుంటున్నాను" అన్నాడు.

నేను ఎగిరి గంతేసి మామకి ఫోన్లో చదివి వినిపించాను. ఆయన అయిదో పేరు దగ్గర ఆపాడు.

"మళ్ళీ చదువు. బోరుబైయా? మా తాతల్లోని బోరుబైయేనే! తమ్ముడే, ఓరి నా తండ్రో, తమ్ముడు దొరికాడు!"

మర్నాడు పొద్దున్నే షేర్ టాక్సీ ఎక్కి, సంచీ నిండా ఉప్పేసి ఎండబెట్టిన పెరుగుండలు మూటగట్టుకుని, జపర్‌ని వాటేసుకోవడానికి బిష్కెక్ సదస్సు ఆఫీసుకి వచ్చేశాడు. జపర్‌కన్నా ముందు సదస్సు పెద్ద జుమగుల్ అక్క ఎదురైంది.

"బురుల్చా, కొంప ముంచాడు మీ జపర్" అంది ఆవిడ నాతో. "పేరు బయటపడింది కాబట్టి, ఆయన మీకు చుట్టం కాడని మీరిద్దరూ రాసివ్వాలి. సాయంత్రం అయిదింటితో సరి. అవునంటే ఆ ఒప్పుకోలు చెల్లదు. ఇంకొకరి చేత దిద్దించే టైం లేదు."

"మామా, ఆయనా అయిదో తరంలో కలుస్తారు అక్కా" అన్నాను నీరసంగా.

"నియమంలో పెదనాన్న, చిన్నాన్న పిల్లల దాకానే లెక్క. అయిదో తరం లెక్కలోకి రాదు. లేదని నొక్కెయ్యండి."

నేను టక్కున నొక్కేశాను. మామ ఫోన్లోనూ అదే ప్రశ్న వెలిగింది: ఈ వ్యక్తి మీకు బంధువా? అవును, లేదు.

"లెక్కలోకి రాదా?" మామ మొహం ఎర్రబడింది. "బోరుబై లెక్కలోకి రాడని ఎవడమ్మా రాసింది? నూటయాభై ఏళ్ళుగా ఆయన పేరు చెప్పుకుని పిల్లనిస్తున్నాం, పుచ్చుకుంటున్నాం. నేను లేదని నొక్కను."

"అన్నా, అది ఉత్త కంప్యూటర్ మాట" అంది జుమగుల్ అక్క.

"అందుకే గదా పాడింది! మనిషి ఎవడో అడగని కంప్యూటర్ దండగని! మా పత్రం అంతా అదే! ఇప్పుడు నా చేత్తోనే దాన్ని అబద్ధం చెయ్యమంటావేంటి?"

ఆయన అన్నది అక్షరాలా నిజం. అదే నా ఖర్మ. గోడ గడియారం నాలుగూ నలభై దాటింది. నాకు భయమేసింది. ఏడవకూడదని పెరుగుండ ఒకటి నోట్లో వేసుకున్నాను. అయినా కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి.

మామ నన్ను చూశాడు.

"ఏంటే, ఉప్పు ఎక్కువైందా?"

"ఉద్యోగం పోతుంది మామా."

కళ్ళజోడు పెట్టుకుని ఫోను దూరంగా పట్టుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదో పేరు దగ్గర కాసేపు ఆగాడు. తర్వాత వేలితో "లేదు" నొక్కి, ఫోను బల్ల మీద బోర్లా పెట్టేశాడు.

"బోరుబై తాతకి నేను చెప్పుకుంటాలే" అన్నాడు. "ఎలాగూ నీకన్నా ముందు నేనేగా వెళ్ళేది."