మొగిలయ్య అగరొత్తి

ఆక్లాండ్‌లో లేస్తున్న డేటా సెంటర్‌కి మొగిలయ్య సూపరింటెండెంట్. ఆయన నోటికి క్రేన్ కూడా జడుసుకునేది. ఆ మధ్యాహ్నం సర్వర్ హాల్లో వేప్, అదే ఎలక్ట్రానిక్ సిగరెట్, పీలుస్తూ ఎలక్ట్రీషియన్ మహిధర్ దొరికిపోయాడు.

"లోపల పొగబెట్టినోడు ఎవడైనా సరే, గేటు బయటికే! టూల్స్ సర్దుకో!"

మహిధర్ టూల్స్ సర్దుకుని గేటు వైపు నడిచాడు.

అరగంటలో సర్వర్ హాల్ ప్యానెల్‌కి తొలిసారి కరెంటు ఇవ్వాలి. పూజ లేకుండా స్విచ్ వేయాలంటే మొగిలయ్యకు చెయ్యి ఆడలేదు. ఎవరూ చూడకుండా ప్యానెల్ ముందు ఒక్కటంటే ఒక్క అగరొత్తి వెలిగించాడు.

ఫైర్ అలారం కుయ్యోమంది. రెండొందల మంది గేటు దగ్గరికి ఉరికారు. మొగిలయ్య తలలు లెక్కపెడుతుంటే ఆయన చొక్కాలోంచి అగరొత్తి గంధం వాసన గుప్పుమంది.

టూల్స్ బ్యాగుతో ఇంకా అక్కడే ఉన్న మహిధర్ గేటు బార్లా తెరిచాడు.

"పా అన్నా. నా కార్ల దింపుత."