పాస్‌వర్డ్ సరైనదే

రెండు కాళ్లూ ఒకే పొడుగు లేని పిల్లలకు ఆవిడ బూట్లు కుట్టేది. పిల్లలు బూట్లమ్మా అని పిలిచేవారు, పెద్దవాళ్లకూ అదే నోటికి అలవాటైంది. తోలు కోయడం, పొట్టికాలి బూటుకు అడుగున ఎత్తు పెట్టడం ఆవిడ వంతు. ఆస్పత్రి పంపే కొలతల్ని మెయిల్లో అందుకోవడం, ఏ బిడ్డకు పోయినసారి ఎంత ఎత్తు పెట్టారో వెతికి చెప్పడం భర్త వంతు. పద్దెనిమిదేళ్లుగా ఒకే గదిలో ఎవరి బల్ల వాళ్లది.

రెండు నెలల క్రితం ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పట్టు తప్పింది. మాట పోయి ఒక్క "అదే" మిగిలింది. మంచినీళ్లు కావాలన్నా అదే, కిటికీ వెయ్యమన్నా అదే. సాయానికొచ్చిన ఆయన అక్క తమ్ముణ్ణి కంటికి రెప్పలా కాచుకుంటూ, "వాడి బుర్రకి ఏ పనీ చెప్పకు" అని మొదటిరోజే మరదలికి గట్టిగా చెప్పింది. ఆయన సెల్‌ఫోన్ కూడా ఆపేసి సొరుగులో పడేసింది.

బూట్లమ్మ మెయిళ్లు తనే చూసుకోవడం నేర్చుకుంది. ప్రోగ్రామ్ తెరిస్తే ఉత్తరాలు వాటంతటవే దిగేవి. సోమవారం పొద్దున అది పాస్‌వర్డ్ అడిగింది. భర్త గోడ క్యాలెండర్ వెనక రాసిపెట్టుకున్నది చూసి కొట్టింది. 'పేరు గానీ పాస్‌వర్డ్ గానీ తప్పు' అంది. ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ మళ్లీ కొట్టింది. మళ్లీ అదే పాట. బుధవారానికి ఆవిడకు తల ప్రాణం తోకకొచ్చింది. కొత్తగా బడికెళ్లబోయే ఆరేళ్ల పాప కొలతలు పంపామని ఆస్పత్రివాళ్లు ఫోన్ చేసి చెప్పారు. బడి తెరవడానికి పదిహేను రోజులే ఉన్నాయి.

మధ్యాహ్నం కంప్యూటర్ మెకానిక్ వచ్చాడు. పెద్దమనిషే, కానీ ఇంకో రెండిళ్లు తిరగాల్సినవాడు. ఇంటర్నెట్ చూశాడు, వైరు పీకి పెట్టాడు, పాస్‌వర్డ్ తనూ నాలుగుసార్లు కొట్టి పెదవి విరిచాడు.

"లాభం లేదమ్మా. ఈ ఖాతా ఇందులోంచి తీసేసి, ప్రోగ్రామంతా చెరిపేసి కొత్తగా ఎక్కిస్తాను. పావుగంట పని."

"పాత ఉత్తరాలు ఉంటాయిగా?"

"అవతల కంపెనీ దగ్గరుంటాయి, వాటంతటవే వచ్చేస్తాయి" అంటూ మెకానిక్ మౌస్ జరిపాడు.

వెనక కుర్చీ కిర్రుమంది.

"వద్దు!"

బూట్లమ్మ, మెకానిక్, గుమ్మంలో ఉన్న అక్క ముగ్గురూ తిరిగి చూశారు. భర్త బల్ల అంచు పట్టుకుని సగం లేచి నిలబడ్డాడు. రెండు నెలల తర్వాత ఆ గదిలో ఆయన నోట వెలువడిన కొత్త మాట అది.

"ఏం వద్దండీ?"

"అదే... అదే!" ఎడమచేత్తో కంప్యూటర్ పెట్టెను తట్టాడు. తర్వాత బయటికి, ఆకాశంకేసి చూపించి, ఖాళీ అరచెయ్యి ఆడించాడు.

మెకానిక్ ఒక్క క్షణం ఆలోచించి ఏదో సెట్టింగ్ తెరిచాడు. ఇందులోకి దించుకున్న ఉత్తరాన్ని అవతల కంపెనీ దగ్గర చెరిపేసేలా పెట్టి ఉంది. పద్దెనిమిదేళ్ల కొలతలు ఈ ఒక్క పెట్టెలోనే ఉన్నాయి.

"ఎంత పని చేయబోయానమ్మా!" అని మెకానిక్ మౌస్ వదిలేసి లేచి, పాత ఉత్తరాలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీసి చేతిలో పెట్టాడు. పాస్‌వర్డ్ ఎందుకు చెల్లట్లేదో మాత్రం తనకు అంతుపట్టలేదని ఒప్పుకుని వెళ్లాడు.

భర్త వచ్చి ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు. అక్క ఒంటికాలి మీద లేచింది. "ఒరే, పడుకో! డాక్టరేం చెప్పాడు?"

"కాసేపు చూద్దాం వదినా" అంది బూట్లమ్మ. "అలిసిపోతే నేనే లేపేస్తా."

ఆయన ప్రోగ్రామ్ జోలికే పోలేదు. బ్రౌజర్ తెరిచి, మెయిల్ కంపెనీ సైటుకెళ్లి, క్యాలెండర్ వెనక ఉన్న పాస్‌వర్డే ఎడమచేత్తో కొట్టాడు. దాన్ని సైటు ఒప్పుకుంది.

"అంటే పాస్‌వర్డ్ సరైనదే!" అంది బూట్లమ్మ. "తప్పు నాది కాదన్నమాట."

"అదే" అన్నాడాయన. ఈసారి ఆ మాట అచ్చంగా సరిపోయింది. ఇద్దరికీ నవ్వొచ్చింది.

ఇంతలో తెర మీద ఇంకో గడి వచ్చింది. మీ ఫోన్‌కు అంకెలు పంపాం, ఇక్కడ వెయ్యండి అంది. బూట్లమ్మ సొరుగుకేసి చూసింది. వదిన వెళ్లి ఫోన్ తీసి, చార్జర్ తగిలించి, తమ్ముడి చేతికిచ్చింది.

అంకెలు వేయగానే నలభై ఒక్క ఉత్తరాలు కనిపించాయి. అన్నిటికన్నా కింద కంపెనీ నోటీసు ఉంది. ఇకపై మామూలు పాస్‌వర్డ్ సైటులోనే చెల్లుతుంది, బయటి ప్రోగ్రామ్‌లకు వేరే పాస్‌వర్డ్ తీసుకోవాలి అని.

"పోన్లెండి, ఇక నుంచి ఇక్కడే చూసుకుంటా. మీరు పడుకోండి."

ఆయన పాత కొలతలున్న పెట్టెను తట్టి, ససేమిరా అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. వెతికి వెతికి ఆ కొత్త పాస్‌వర్డ్ ఇచ్చే చోటు పట్టుకున్నాడు. పదహారు అక్షరాలొచ్చాయి. అప్పటికి ఎడమచెయ్యి అలిసిపోయింది. కీబోర్డ్ భార్యవైపు జరిపాడు. ఆవిడ కొడుతుంటే ఒక్కో అక్షరం చూస్తూ, తొమ్మిదో దగ్గర మణికట్టు పట్టుకున్నాడు. ఎల్ కొట్టాల్సింది ఐ కొట్టింది. దిద్దుకుంది. ఉత్తరాలు బిలబిలా దిగాయి.

పాప కొలతలు అందాయని జవాబు రాస్తే అది పోలేదు. ఆవిడ ఉసూరుమంది. భర్త మాత్రం కంగారుపడకుండా సెట్టింగుల్లో ఇంకో గడి చూపించాడు. పంపే దారికి పాస్‌వర్డ్ విడిగా ఉంది. అక్కడా కొత్తది కొట్టగానే ఉత్తరం చటుక్కున వెళ్లిపోయింది.

"ఒరే, నీ బుర్రకేం ఢోకా లేదురా!" అంది అక్క, కళ్లు తుడుచుకుంటూ.

మర్నాటి నుంచి రోజూ ఒక గంట ఆయన తన బల్ల దగ్గర కూర్చున్నాడు. తప్పుడు మాటలే ఎక్కువొచ్చేవి. తోలును కాగితం అన్నాడు, అక్కను డాక్టర్ అన్నాడు. అక్క పలికి, "మందుల చీటీ రాసిమ్మంటావా?" అని వేళాకోళమాడింది.

పదో రోజున పాప వచ్చింది. కొత్త బూట్లు తొడుక్కుని ఆ గోడ నుంచి ఈ గోడకు నడిచింది. బూట్లమ్మ కంటికి నడక బాగానే ఉంది. భర్త కుర్చీలో కళ్లు మూసుకుని అడుగుల చప్పుడు విన్నాడు.

"కుడి" అన్నాడు స్పష్టంగా.

బూట్లమ్మ మోకాళ్ల మీద కూర్చుని పాప కుడిబూటు విప్పింది. లోపలి మెత్త ఒక పక్కకి మడత పడి ఉంది. దాన్ని సాపు చేసి అంటించి, "ఇప్పుడు నడువమ్మా" అంది. ఈసారి పాప నడవలేదు, గుమ్మం దాకా పరుగెత్తింది.