మూడోచోటి బెజ్జాలు

పొద్దున్నే కొట్టు తలుపు తీసి, ఇనప పొయ్యిలో దుంగలు పెట్టి, కాఫీ కాచుకుని, మంచుమీద జారడానికి బూట్ల కింద తగిలించుకునే పొడుగు చెక్కల్ని, అదే ముందురోజు జిగురు పెట్టిన స్కీలను, గోటితో గీరి చూడడం బుర్గికి అలవాటు. ఆరినవాటిని గోడకు ఆనించేది. మా లోయలో పాత స్కీలను ఎవరూ ఊరికే పారెయ్యరు. కానీ అన్న బూటు కొలత తమ్ముడికి సరిపోదు, మొగుడిది పెళ్లానికి సరిపోదు. బూటును పట్టి ఉంచే బైండింగును విప్పి, పాత స్క్రూల బెజ్జాలు పూడ్చి, కొత్తచోట బిగించాలి. ఊళ్లో ఆ పని బుర్గిదే.

పూడ్చేముందు పాత బెజ్జానికి చెవి ఆనించి వింటారు. ఆ స్కీల మీద ఆఖరిసారి ఏం జరిగిందో అది వినిపిస్తుంది. బడిపంతులు తన బెజ్జంలో తాను పడ్డ చప్పుడు, దాని వెనక తన తిట్లు విని, తన భార్య వచ్చేలోపు మూసెయ్యమని బుర్గిని బతిమాలుకున్నాడు. కొత్త బెజ్జాల్లో మాత్రం ఏమీ ఉండదు. ఇంకా ఏదీ జరగలేదు కదా.

మంచు మొదలైన వారంలో ఇర్మెల వచ్చింది. బుర్గికి అన్నకూతురు. వాళ్ల నాన్న గేబ్‌హార్ట్ ఆ శరత్తులోనే ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఆయన స్కీలు భుజాన వేసుకొచ్చి బల్లమీద పెట్టింది. ఊరి మంచినీళ్ల పని ఇర్మెలది. చలికాలమంతా స్కీల మీద కొండపైన ఊటనీళ్లు చేరే ఊటగదికి వెళ్లి, నీళ్లు సరిగ్గా వస్తున్నాయో లేదో చూసి రావాలి.

బుర్గి బైండింగులు విప్పింది. ఇద్దరూ చెరో బెజ్జం దగ్గర వంగారు. మంచుమీద జారుతున్న చప్పుడు, దాంతోపాటు గేబ్‌హార్ట్ శ్రుతి తప్పిన ఈల. ఇర్మెల చాలాసేపు తల ఎత్తలేదు.

"ఒక్కటి వదిలెయ్యి అత్తా. ఇదొక్కటీ."

"వదిలితే తడి దిగి లోపల చెక్క కుళ్లుతుంది. స్క్రూ పట్టు వదిలేస్తుంది. మీ నాన్న ఈల కోసం కాలు విరగ్గొట్టుకుంటావా?"

ఇర్మెల మళ్లీ వంగి ఆ ఈల చివరిదాకా విని, పూడ్చెయ్యమని వెళ్లిపోయింది. బుర్గి చెక్క బిరడాలను జిగురులో ముంచి ఒక్కో బెజ్జంలో కొట్టింది. ఆరాక పైకొచ్చినదాన్ని ఉలితో కోసి నున్నగా రుద్దింది. ఈల ఆగిపోయింది.

మర్నాడు బుర్గి, ఇర్మెల బూటు కొలత చూసి గుర్తు పెట్టి, అడుగు చిల్లు పడకుండా డ్రిల్లుకు అడ్డుకట్ట బిగించి, మొదటి బెజ్జం వేసింది. పొట్టు ఊదడానికి వంగినప్పుడు లోపల చప్పుడైంది.

స్కీలు జారుతున్న చప్పుడు. అది చాలాసేపు సాగింది. ఆ తర్వాత తడిసిన బరువైన దుప్పటిని నేలకేసి కొట్టినట్టు 'ధబ్'మని ఒకటి. వెంటనే హోరు. హోరు ఆగాక లోపలెక్కడో ఎవరో చెక్కమీద తడుతున్నట్టు టక్, టక్. కాసేపటికి అదీ ఆగిపోయింది.

బుర్గి డ్రిల్లు బల్లమీద పెట్టేసింది. ఆ 'ధబ్' ఆమెకు తెలుసు. కొండవాలు మీది మంచు విరిగి కిందికి జారేముందు వచ్చేది. పడుచుదనంలో ఒకసారి అలా విరిగిపడ్డ మంచు కింద కూరుకుపోయింది. ఊరివాళ్లు తవ్వి తీశారు. అప్పటినుంచీ చర్చి దాటి పైకి మంచుమీద అడుగుపెట్టలేదు. తన స్కీలు అలాగే గోడకు వేలాడుతున్నాయి.

కొత్త బెజ్జంలో ఏదీ వినిపించకూడదు. చెయ్యి తప్పిందేమో అనుకుని దాన్ని పూడ్చి, మర్నాడు కాస్త వెనక్కి జరిపి వేసింది. అదే హోరు, అదే టక్ టక్, అలాగే ఆగిపోవడం. మళ్లీ పూడ్చింది. అంతకంటే వెనక ఇంకొక్కచోటుకే చెక్కలో జాగా ఉంది. అక్కడా బెజ్జం వేసి, చెవి పెట్టింది. జారుడు, ధబ్, హోరు, టక్ టక్. ఈసారి దానిపైన ఇంకో చప్పుడు ఉంది. పార మంచులో దిగుతోంది. పార పట్టినవాళ్లు ఆయాసపడుతున్నారు, మధ్యమధ్య గొంతులో పిల్లికూతలాగా వస్తోంది. ఏళ్లతరబడి చెక్కపొట్టు పీల్చిన గొంతు. తన గొంతే. పార స్కీ అంచుకు ఖంగుమని తగలడంతో చప్పుడు ఆగిపోయింది.

బుర్గి కబురు పెడితే ఇర్మెల వచ్చి తనూ వింది. విని స్టూలు మీద కూలబడింది. ఇది ఎక్కడ జరగబోతోందో బెజ్జం చెప్పదా అని అడిగింది. చెప్పదంది బుర్గి. ఎప్పుడో కూడా చెప్పదంది. ఉద్యోగం మానేసి పట్నంలో మీ పిన్ని దగ్గరికి పో, లేకపోతే వేరే స్కీలు కొనుక్కో అని పోరింది.

"వేరేవాటి మీద రాదని ఎవరు చెప్పారు? వస్తే అప్పుడు పార ఎవరు పడతారు అత్తా? ఇందులో నువ్వున్నావు. మూడోచోటే బిగించు."

అంత వెనక బిగిస్తే స్కీలు మలుపులు సరిగ్గా తిరగవని బుర్గి చెప్పినా వినలేదు.

మామూలు స్క్రూలు అయితే విప్పి బిగించినకొద్దీ చెక్కను కొరికేస్తాయి. అందుకని బుర్గి బెజ్జాలను పెద్దవి చేసి, లోపల మరలు కోసి, లోపలా బయటా మరలున్న చిన్న ఉక్కు గొట్టాలను జిగురు పెట్టి దించింది. వాటిలోకి బోల్టులు బిగించింది. ఇప్పుడు బైండింగును ఎన్నిసార్లు విప్పినా చెక్కకు నష్టం లేదు. విప్పి వినొచ్చు.

ఆ తర్వాత గోడమీది తన స్కీలు దించింది. వయసుతో పాదాలు వాచి పాత బూట్లు పట్టడం మానేశాయి కాబట్టి వాటికీ బెజ్జాలు మార్చాలి. వాటి పాత బెజ్జాలకు మాత్రం చెవి పెట్టలేదు. మొహం పక్కకు తిప్పుకుని బిరడాలు కొట్టేసింది.

ఆ చలికాలమంతా ఇర్మెల ఊటగదికి వెళ్లిన ప్రతిసారీ వెనకాలే బుర్గి, వీపున పార. మంచులో కూరుకుపోయినవాళ్ల జాడను కూసి చెప్పే పరికరాలు ఇద్దరి మెడల్లోనూ ఉండేవి. చర్చి దాటగానే ఒకసారి దారిపక్కన కక్కుకుంది. తోకలాగా పట్టుకుని తిరుగుతుందని ఊళ్లో నవ్వుకున్నారు. ఇర్మెల కూడా మొదట్లో విసుక్కుంది. కానీ కిందికి వచ్చాక ఇద్దరూ కొట్టులో కూర్చుని బోల్టులు విప్పి వినేవాళ్లు. హోరుకు ముందు వచ్చే జారుడు చప్పుడు ప్రతిసారికీ పొట్టిదవుతూ వచ్చింది. ఆ రోజు దగ్గరపడుతోందన్నమాట. విన్నాక ఇర్మెల విసుక్కోవడం మానేసింది.

మార్చిలో ఎండ ముదిరిన ఒక పొద్దున బెజ్జానికి చెవి పెడితే జారుడు చప్పుడే లేదు. తిన్నగా 'ధబ్'తోనే మొదలైంది. ఇర్మెల బైండింగు బిగించి స్కీలు గోడకు ఆనించింది. ఇవాళ కదలనంది. మధ్యాహ్నానికి ఊళ్లో కుళాయిల్లో బురదనీళ్లు వచ్చి, తర్వాత అవీ ఆగిపోయాయి. నీళ్లు లేవని వృద్ధాశ్రమం నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది. ఇర్మెల బూట్లు తొడుక్కుంది. బుర్గి పార తీసుకుంది.

పైనున్న పెద్ద వాలు వదిలేసి, పిల్లలు జారుడుబండ్ల మీద ఆడుకునే, కాస్త వాలున్న గడ్డిమైదానం గుండా వెళ్దామనుకున్నారు. అక్కడ ఎన్నడూ ఏమీ జరగలేదు. అయినా బుర్గి ఒకరి తర్వాత ఒకరం దాటుదామంది. ఇర్మెల సగం దాటింది. అప్పుడు 'ధబ్'మంది.

హోరు ఆగాక మైదానం తెల్లగా ఖాళీగా ఉంది. బుర్గి నోట్లో మళ్లీ ఆ పాత మంచు రుచి తగిలింది. ఏడుస్తూనే మెడలోని పరికరం తిప్పింది. అది కూసినవైపు కాళ్లీడ్చుకుంటూ పోయింది. కూత గట్టిపడినచోట మోకాళ్లమీద కూలబడితే కిందనుంచి వినిపించింది. టక్, టక్.

తవ్వింది. గొంతులో పిల్లికూత మొదలైంది. తట్టడం నెమ్మదించింది. ఆగింది. పార స్కీ అంచుకు ఖంగుమని తగిలింది.

ఇక్కడిదాకే ఆమె విన్నది. ఆ తర్వాత ఏముందో తెలియదు. పార పడేసి చేతులతో గోకింది. గ్లౌజు, భుజం, జుట్టు దొరికాయి. నీలంగా మారిన మొహం. నోట్లో కూరుకుపోయిన మంచును వేలితో తీసింది. పేరు పెట్టి పిలిచింది. మళ్లీ పిలిచింది. చెంపమీద కొట్టింది.

ఇర్మెల దగ్గింది. దగ్గి, ఈడ్చి ఊపిరి పీల్చి, కళ్లు తెరవకుండానే అంది:

"అత్తా, నా చెయ్యి తొక్కుతున్నావు."

బుర్గి మోకాలు పక్కకు తీసింది.